బట్ట కింద పాదాలు

కళ్లజోడు తిన్నది డబ్బయితే మేస్త్రి ఎప్పుడో మర్చిపోయి ఉండేవాడు. కళ్లజోడు తిన్నది నడక. నెత్తిన మూట పెట్టుకుని ఒక ముసలమ్మ ఖాళీ వీధి దాటే నడక. మొత్తం పది సెకన్లు. ఆ పది సెకన్ల మీద కళ్లజోడు ఇరవై ఆరేళ్లు బతికాడు. సభల్లో చెప్పాడు, కాలేజీల్లో పాఠం చేశాడు, పత్రికలవాళ్లకి పెన్సిల్ పట్టుకుని మరీ ఫొటో దిగాడు. ఆ పెన్సిల్‌కి ముక్కు కూడా చెక్కి లేదు.

పోయిన వారం చదవనివాళ్లకి రెండు ముక్కల్లో సంగతి. పాత బొమ్మల సినిమాలు దాచిపెట్టే భవనం నుంచి మేస్త్రికి ఉత్తరం వచ్చింది. అతను స్టూడియోలో బొమ్మలు గియ్యడం మొదలెట్టిన మూడో ఏడు తయారైన సినిమాకి దుమ్ము దులిపి, మళ్లీ హాళ్లలో వేస్తున్నారు. ఈసారి చివర్లో ఏ దృశ్యం ఎవరి చేతిదో పేరు వేస్తారట. ముసలమ్మ నడక నాదంటే నాదని రెండు అర్జీలు వచ్చాయి, ఒకటి మేస్త్రిది, ఇంకోటి అప్పట్లో స్టూడియోలో అతని పైన ఉన్న కళ్లజోడుది. బుధవారం పొద్దున పదింటికి ఇద్దరూ రండి, మీ ముందే పెట్టె తెరుస్తాం అని రాశారు. వెళ్లనని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు మేస్త్రి. బీపీ మాత్రల సంచీ పట్టుకుని ఇంటావిడ కూడా బయల్దేరింది. లోపలికి అర్జీదార్లకి మాత్రమే ప్రవేశం అన్నారు కాబట్టి ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుంది.

గది చల్లగా ఉంది. కాగితాలకి చెమట పట్టకూడదని చల్లగా ఉంచుతారట. మనుషులు పనిచేసే గదుల్లో ఫాన్ కూడా పెట్టని వాళ్లని చాలామందిని చూశాడు మేస్త్రి, కాగితాలకి ఇంత మర్యాద చూడటం ఇదే మొదలు. మూడు గోడలకీ ఇనప అలమరలు, మధ్యన పొడుగాటి బల్ల, బల్ల మీద అట్టపెట్టె. పెట్టెలకి కాపలా ఉండే మేడమ్ తెల్ల గ్లవ్స్ వేసుకుని నిలబడింది. నలభై లోపు మనిషి. ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

కళ్లజోడు ముందే వచ్చి కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది గానీ ఆ లావుపాటి నల్ల ఫ్రేము మాత్రం అదే.

"ఏం మేస్త్రీ, బాగున్నావా? ఒళ్లు చేశావే!"

"మీ దయ సార్. మీరు తినగా మిగిలింది తిన్నాను."

మేడమ్ దగ్గింది. దగ్గో నవ్వో తెలియలేదు.

"ముందే చెబుతున్నాను," అంది ఆవిడ, ఒక ఫారం బల్ల మీద పెట్టి. "ఈ పెట్టెలో ఉన్న బొమ్మలన్నీ నా చేత్తో గీశాను అని ఒకరు సంతకం పెట్టాలి. ఆ ఒక్కరి పేరే వేస్తాం. తేలకపోతే 'ఎవరిదో తెలియదు' అని వేసేస్తాం. సాయంత్రానికల్లా నేను కాగితం పైకి పంపాలి."

ఎవరిదో తెలియదు! కళ్లజోడు పేరు పడినా మేస్త్రికి ఇంత బాధ ఉండదేమో. దొంగ పట్టుకుపోతే కనీసం వస్తువుకి విలువుందని అర్థం. తెలియదు అంటే రోడ్డు మీద దొరికిన బిడ్డ అన్నట్టే.

అలాగని అతనేమీ ఆ పది సెకన్లతో ఆగిపోయినవాడు కాదు. ఏడో తరగతిలో, ఎడంచేత్తో రాస్తున్నాడని మాస్టారు వేళ్ల కణుపుల మీద స్కేలు తిప్పి కొడితే, ఆ స్కేలు విరిచి అక్కడే పారేసి బయటికొచ్చాడు. మళ్లీ బడి గుమ్మం తొక్కలేదు. బొమ్మల స్టూడియోలో రంగు డబ్బాలు కడిగే పనికి చేరాడు. కడిగిన డబ్బాల్లో అడుగున మిగిలిన రంగుతో గోడ మీద బొమ్మలేస్తుంటే ఓనరు చూసి, తిట్టి, పెన్సిల్ ఇచ్చాడు. అక్కడినుంచి ఎక్కాడు. ఇప్పటికి అయిదు సినిమాలకి దర్శకుడు. ఊళ్లో పిల్లలు అతని బొమ్మలున్న డబ్బాల్లో అన్నం పట్టుకెళ్తున్నారు. డిగ్రీల మీద డిగ్రీలున్న కుర్రాళ్లు పాతికమంది అతని ముందు నిలబడి, "మేస్త్రీ, ఈ గెంతు సరిపోయిందా?" అని అడుగుతారు. అయినా ఎవరైనా ఆ ముసలమ్మ మాటెత్తితే తింటున్న కంచం ముందు నుంచి లేచిపోతాడు. తొలి బిడ్డ పక్కింట్లో పెరిగినట్టు.

"సార్, మీరు చెప్పండి," అంది మేడమ్ కళ్లజోడుతో.

కళ్లజోడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ పాఠం వందసార్లు చెప్పినవాడు, తడుముకోలేదు. "ఏడో అడుగు చూశారా మేడమ్? ముసలమ్మ ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకు? వెనక్కి పోదామా, ముందుకి పోదామా? ఒక జీవితకాలపు సందేహం అది. ఆ ఆగడం కోసం నేను వారం రోజులు ఆలోచించాను. ఇతను అప్పట్లో నా కింద ఉండేవాడు. నేను గీసిచ్చినవి శుభ్రం చేసేవాడు. మంచి పనివాడు, కాదనను."

మేస్త్రి నవ్వాడు. నవ్వకూడదనుకున్నాడు గానీ వచ్చేసింది.

"చెప్పు తెగింది సార్."

"ఏంటి?"

"సందేహం లేదు, గిందేహం లేదు. ఏడో అడుగులో ఎడంకాలి చెప్పు తెగింది. అందుకే ఆగింది."

"కాళ్లే కనపడవు కదయ్యా! బట్ట నేల దాకా వేలాడుతుంది. నడకంతా భుజాల్లో చూపించడమే అక్కడ గొప్ప. అది నేనే ఓనరుతో వాదించి..."

"మేడమ్," అన్నాడు మేస్త్రి, ఆయన్ని పూర్తిచెయ్యనివ్వకుండా. "పెట్టె తెరవకముందే నేను చెప్పేది రాసుకోండి. ముసలమ్మకి కాళ్లున్నాయి. కాళ్లకి చెప్పులున్నాయి. యాభై ఎనిమిదో కాగితంలో ఎడం చెప్పు పట్టీ ఊడుతుంది. యాభై తొమ్మిది నుంచి ఆవిడ బొటనవేలు కిందికి వంచి, పట్టీని నొక్కిపట్టి, చెప్పు ఈడ్చుకుంటూ నడుస్తుంది."

మేడమ్ రాసుకుంది.

అసలు జరిగింది ఇదీ. మేస్త్రి వాళ్లమ్మ బట్టల కొట్టుకి బొత్తాలు కుట్టిపెట్టేది. వందల చొక్కాలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని తిరిగేది. ముసలమ్మ నడక నువ్వు చెయ్యి అని ఓనరు అతనికి ఇచ్చినప్పుడు, మేస్త్రి అమ్మని ఇంటి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాడు. చేతిలో స్టాప్‌వాచ్. "ఏంట్రా, నన్ను రేసు గుర్రాన్ని చేశావా?" అంటూనే నడిచింది ఆవిడ. పదిహేనోసారి నడుస్తుండగా చెప్పు తెగింది. ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఆగినట్టు కూడా తెలియలేదు. వేలు వంచి పట్టీ నొక్కిపట్టి, మూట కదలకుండా, మెడ తిప్పకుండా సాగిపోయింది. చెప్పు తెగినంత మాత్రాన మూట దింపుతామా అన్నట్టు. మేస్త్రి వాచ్ నొక్కడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు.

పైన బట్ట కప్పేస్తుందని తెలిసీ కింద పాదాలు గీశాడు. పాదం ఎటు పోతుందో తెలియకుండా బట్ట ఎటు ఊగుతుందో ఎలా తెలుస్తుంది? పాదాలు విడి కాగితాల మీద, బట్టతో ఒళ్లు విడి కాగితాల మీద. కెమెరా ముందుకి వెళ్లింది పై పొర ఒక్కటే. కింది పొర చూసి ఓనరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఎవడికీ కనపడని కాళ్లకి నూట ఇరవై కాగితాలు తగలేశావు కదరా!" అని. సెకనుకి పన్నెండు చొప్పున పది సెకన్లకి నూట ఇరవై. చివర్లో మేస్త్రిని మూడు రోజులు జ్వరం పడేసింది. నాలుగో రోజు పొద్దున లేచి, ఇంటికి తెచ్చుకున్న కట్ట చూసుకుంటే ఇంకా గియ్యాల్సినవి ఆఖరి నాలుగు కాగితాలే మిగిలాయి. మిగతావి ఎప్పుడు గీశాడో అతనికే గుర్తులేదు. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజు అదే పాఠం: "ఒళ్లు తెలియని జ్వరంలో కూడా నా చెయ్యి తప్పలేదురా."

మేడమ్ పెట్టె మూత తీసింది. పైన ఒక కట్ట, ముసలమ్మ ఒళ్లు, మూట, బట్ట. ఆ కట్ట పక్కన పెట్టింది. అడుగున గోధుమరంగు కాగితం చుట్టిన ఇంకో కట్ట ఉంది. దారం ముడి కూడా ఎవరూ విప్పలేదు. ఆవిడ విప్పింది.

పాదాలు.

కళ్లజోడు కుర్చీలో ముందుకి జరిగాడు. మేడమ్ వెతికి యాభై ఎనిమిది తీసింది. పట్టీ ఊడి ఉంది. యాభై తొమ్మిదిలో బొటనవేలు వంగింది.

"నేను తిప్పొచ్చా మేడమ్?"

ఆవిడ ఇంకో జత గ్లవ్స్ ఇచ్చింది. కాగితాల కింద అంచున మూడు చిల్లులు, బొమ్మలు గీసే బల్లకుండే మూడు మేకులకి కూర్చునేవి. కట్టని ఆ అంచు దగ్గర పట్టుకుని, ఎడంచేత్తో పై అంచు వదులుతూ వచ్చాడు మేస్త్రి. పాదాలు నడిచాయి. మనిషి లేదు, మూట లేదు, వీధి లేదు, వట్టి రెండు పాదాలు. ఒకటి, రెండు, మూడు... ఏడో అడుగులో చెప్పు జారింది, వేలు దాన్ని పట్టేసింది, ఆ పాదం కొంచెం ఈడుస్తూ ముందుకే పోయింది.

అమ్మ పోయి పదకొండేళ్లు.

"ఇన్నేళ్లూ బట్ట కింద ఇవి నడుస్తూనే ఉన్నాయా!" అంది మేడమ్. ముఖంలో ఏదీ కనపడనివ్వని మనిషి గొంతు కొంచెం వణికింది.

మేస్త్రి ఛాతీ ఎంత పొంగిందంటే, ఇస్త్రీ చొక్కా బొత్తాం తెగుతుందేమో అన్నంత.

"మరి ఈ మరకలేంటి సార్? ప్రతి కాగితం మీదా గీత పక్కనే మసి అంటింది."

మేస్త్రి గ్లవ్ తీసి ఎడంచెయ్యి బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలు పక్కనుంచి మణికట్టు దాకా చర్మం నల్లగా నున్నగా ఉంది. ముప్ఫై ఏళ్ల పెన్సిల్ మసి, ఏ సబ్బుకీ పోనిది. "ఎడంచేతి వాటం మేడమ్. గీసిన గీత మీదుగానే చెయ్యి పోతుంది. స్టూడియోలో నన్ను మసిచెయ్యి అనేవాళ్లు. మేస్త్రి అనడం తర్వాత మొదలైంది. సార్ కుడిచేతి మనిషి. కావాలంటే ఓ గీత గియ్యమనండి. పెన్సిల్ చెక్కి ఇవ్వండి పాపం."

కళ్లజోడు గియ్యలేదు. మేడమ్ ఫారం మేస్త్రి వైపు జరిపి, పైన కలం పెట్టింది. ఇరవై ఆరేళ్లు ఎదురుచూసిన కలం. మేస్త్రి నిదానంగా తీసుకున్నాడు. అన్నం కలుపుకునేటప్పుడు తొందరేముంది?

"ఒక్క నిమిషం," అన్నాడు కళ్లజోడు.

ఆయన చూపు కట్ట చివరి వైపు ఉంది. మనిషి ఎలాంటివాడైనా, ఆ కళ్లు బొమ్మల మీద బతికిన కళ్లు. "అక్కడ తీయండి మేడమ్. ఎనభై అయిదు దాటాక."

ఆవిడ తీసింది. ఎనభై ఆరు. గీత పక్కన మసి లేదు. ఎనభై ఏడు, తెల్లగా ఉంది. తొంభై, నూరు, నూట పది. అన్నీ ఉతికి ఆరేసినట్టున్నాయి. నూట పదిహేడు దగ్గర మళ్లీ మసి మొదలైంది.

"ముప్ఫై ఒకటి," అని లెక్కపెట్టి చెప్పాడు కళ్లజోడు. "ఇవి నువ్వు జ్వరంలో గీసినవేగా మేస్త్రీ? ఊరంతా చెప్పావు, నేనూ విన్నాను. జ్వరంలో చెయ్యి తప్పలేదు సరే, చేతికున్న మసి కూడా పోయిందా?" ఒక్కో మాటా రుచి చూస్తూ అన్నాడు. "శుభ్రంగా ఉన్నాయంటే కుడిచెయ్యి. కుడిచేతివాణ్ణి నేనని ఇప్పుడే నువ్వే చెప్పావు. రాసుకోండి మేడమ్, ఈ ముప్ఫై ఒకటీ నావి."

మేస్త్రి బల్ల మీదకి వంగాడు. ఎనభై ఆరో కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఒకరి గీతలో తప్పు పట్టాలంటే అతనికి రెండు క్షణాలు చాలు. పాతికమంది కుర్రాళ్లు వణికేది ఆ రెండు క్షణాలకే. ఇందులో తప్పు దొరకలేదు. గీత ఎక్కడా ఆగకుండా, ఎక్కడా రెండోసారి దిద్దకుండా పోయింది. తన గీత కంటే సన్నం. ఒక చోట, మడమ ఎత్తి వేళ్ల మీదకి బరువు మారే చోట, తన గీత కంటే మేలు కూడా. ఇంతకాలం అది తనదే అనుకుని గర్వపడింది ఆ చోటు చూసే.

మడమ దగ్గర రెండు చిన్న గీతలున్నాయి. పగుళ్లు. తన కాగితాల్లో వెతికాడు. ఎనభై రెండులో లేవు. అరవైలో లేవు. ఏ ఒక్కదాంట్లోనూ లేవు. అమ్మ మడమలు పగిలి ఉండేవన్న సంగతే అతని పెన్సిల్‌కి తెలియదు. నిలబడి చూసినవాడికి వేళ్లు కనపడతాయి, మడమలు కనపడవు. ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లకే కనపడతాయి. రోజూ సాయంత్రం అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టి, అత్తగారి కాళ్లు ఒళ్లో పెట్టుకుని, పగుళ్లలోకి మైనం రాసిన మనిషి ఒకతే ఉంది. స్టూడియోలో రంగుల గదిలో పనిచేసి, పెళ్లయిన ఏడాది పని మానేసిన మనిషి. కుడిచేతి మనిషి.

కలం బల్ల మీద పెట్టేశాడు మేస్త్రి.

సంతకం పెట్టి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? మసి సంగతి ఏదో ఒకటి చెప్పొచ్చు. జ్వరమని చేతికి గుడ్డ చుట్టుకున్నానంటే మేడమ్ నమ్ముతుంది. ఆవిడ నమ్మడానికే చూస్తోంది. ఇరవై ఆరేళ్లు ఇంకొకడి పేరు కింద నలిగినవాడికి ఆ ఒక్క అబద్ధం హక్కు కూడా లేదా? అంతలోనే ఎదుటి కుర్చీలో ఉన్న నల్ల ఫ్రేము కనపడింది. ఆయన కూడా మొదటిసారి ఇలాగే అనుకుని ఉంటాడు.

"ఆ ముప్ఫై ఒకటీ మీవి కావు సార్," అన్నాడు మేస్త్రి. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది, వరండా దాకా వినపడేటట్టు. "నావీ కావు. మా ఇంటావిడవి."

"అయితే 'అన్నీ నా చేత్తో' అన్నది అబద్ధమేగా," అన్నాడు కళ్లజోడు వెంటనే. "అర్జీ చెల్లదు. మేడమ్, ఎవరిదో తెలియదు అని వేసెయ్యండి."

"ఫారంలో ఒక్క పేరుకే చోటుంది సార్," అంది మేడమ్ మెల్లగా, మేస్త్రి ముఖంలోకి చూడలేక.

మేస్త్రి వెళ్లి తలుపు తీశాడు. ఇంటావిడ బెంచీ మీద నారింజ వలుస్తోంది. తొక్క తెగకుండా ఒకటే చుట్టుగా వస్తోంది చేతిలో. ఆ చెయ్యి అంత నిదానంగా తిరుగుతుందని అతను ఎన్నడూ గమనించలేదు.

"మాత్ర వేసుకున్నారా?"

"ఇలా రా."

"నన్ను రానివ్వరన్నారుగా."

"నేను రమ్మంటున్నాను కదే!"

ఆవిడ తొక్క సంచీలో వేసి, చేతులు తుడుచుకుని లోపలికి వచ్చింది. బల్ల మీద పరిచిన పాదాలు చూడగానే ఆగిపోయింది. మేస్త్రి ఎనభై ఆరో కాగితం పట్టుకుని చూపించాడు. మడమ దగ్గర వేలు పెట్టాడు, అంతే.

"ఇన్నాళ్లకి చూశారా?" అంది ఆవిడ.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. ఒళ్లు తెలియకుండా పడున్నారు మూడు రోజులు. నాలుగో రోజు కాగితాలు ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందని కలవరిస్తున్నారు. మీ పక్కన కూర్చుని మీరు గియ్యడం రోజూ చూసేదాన్నేగా. అత్తయ్యని మళ్లీ వరండాలో నడిపించాను. ఆవిడకి తెలుసు, ఎవరితో అనలేదు. మీరు లేవగానే కాగితాలు తిప్పి చూసుకుని, 'చూశావుటే, జ్వరంలో కూడా నా చెయ్యి తప్పలేదు' అన్నారు. ఆ ముఖం చూశాక ఏం చెప్పమంటారు?"

మేడమ్ కుర్చీ జరిపి కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు.

"చూశారా సార్," అన్నాడు మేస్త్రి కళ్లజోడు వైపు తిరిగి. కళ్లు తడిగా ఉన్నాయి గానీ తల ఎత్తే ఉంది. "ఎప్పుడూ ఒక్క గీత గీసి ఎరగని మనిషి, మొదటిసారి పెన్సిల్ పట్టుకుని ముప్ఫై ఒకటి గీసింది. నా కళ్లే పోల్చుకోలేకపోయాయి. ఇలాంటి ఇల్లు మీకుందా?"

కళ్లజోడు కాగితాల వైపే చూస్తున్నాడు.

"ముప్ఫై ఒకటి కాదండీ," అంది ఇంటావిడ, ఏదో సరుకుల చీటీలో తప్పు దిద్దుతున్నట్టు. వంగి, ఎనభై మూడు, ఎనభై నాలుగు, ఎనభై అయిదు విడిగా తీసి పక్కన పెట్టింది. మూడింటి మీదా గీత పక్కన మసి ఉంది. "ఇవీ నావే. మీవాటిలా ఉండాలని పెన్సిల్ పొడి వేలికి అద్ది పూశాను. తర్వాత పిల్లాడు ఏడిస్తే లేచాను, మళ్లీ కూర్చున్నాక మర్చిపోయాను. మడమలు చూడండి."

మేస్త్రి చూశాడు. మూడింటిలోనూ పగుళ్లున్నాయి.

ఆవిడ నడుం నిలబెట్టి గది చుట్టూ చూసింది. మూడు గోడలకీ ఇనప అలమరలు. ఎడంవైపు అలమరలో ఒక వరస మొత్తానికి మేస్త్రి పేరు అంటించి ఉంది. అతని మొదటి సినిమా నుంచి అయిదో సినిమా దాకా, పదకొండు పెట్టెలు.

"అయితే ఇవాళ," అంది మెల్లగా, "ఈ పెట్టె ఒక్కటే తెరిచారా?"

మేస్త్రి ఆవిడ ముఖంలోకి చూసి, అలమర వైపు చూశాడు. మేడమ్ చెయ్యి జేబులో ఉన్న తాళాల మీదకి పోయింది. బల్ల మీద ఫారం అలాగే ఉంది, సాయంత్రానికి ఇంకా ఆరు గంటలుంది. అప్పటికి తేలిన లెక్క మాత్రం ఇది: అతనివి అనుకున్న నూట ఇరవైలో పోయినవి ముప్ఫై నాలుగు. మిగిలినవి ఎనభై ఆరు.